భరించమనే హక్కు ఎవరిది?

నొప్పిని ఓర్చుకోవడం గొప్ప గుణమని మన పెద్దలు చెప్పారు. నేనూ ఒప్పుకుంటాను. కానీ పక్కవాడి నొప్పిని చూస్తూ ‘ఓర్చుకో’ అనే హక్కు మనకు ఎక్కణ్ణించి వచ్చింది? ఆ మాట చట్టం అంటే అది ధర్మమేనా? హైదరాబాదులో ఒక క్యాన్సర్ ఆసుపత్రి ఫార్మసీలో నొప్పి తగ్గించే మార్ఫిన్ ఉంచే బీరువా తాళాలు చాలా ఏళ్లు నా దగ్గరే ఉండేవి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

పది మిల్లీగ్రాముల మాత్రలు ఎన్ని వచ్చాయి, ఎవరికి ఎన్ని ఇచ్చాం, ఎన్ని మిగిలాయి, అన్నీ రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి. ఒక్క మాత్ర తేడా వచ్చినా సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆ కట్టడి అవసరమే. అమెరికాలో 1996లో ఆక్సీకాంటిన్ అనే నొప్పి మాత్ర మార్కెట్లోకి వచ్చింది. దానికి అలవాటు పడే ప్రమాదం తక్కువని కంపెనీ డాక్టర్లను నమ్మించింది. ఆ తర్వాత అక్కడ ఎన్ని కుటుంబాలు చితికిపోయాయో లోకానికి తెలుసు. మన దేశంలోనూ ట్రమడాల్ అనే నొప్పి మందును మత్తుకు వాడుతున్నారని 2018లో దాన్ని నియంత్రణ కిందికి తెచ్చారు. కాబట్టి ప్రభుత్వానికి భయం ఉండటంలో తప్పు లేదు.

ఆ భయం పక్కన మరో లెక్క లేకపోవడమే నా బాధ. 1985లో మత్తుమందులను కట్టడి చేసే ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. చాలా నేరాలకు కనీసం పదేళ్ల జైలు. మార్ఫిన్ తెప్పించుకోవాలంటే ఆసుపత్రికి రకరకాల లైసెన్సులు, పర్మిట్లు కావాలి. ఒకటి చేతికొచ్చేసరికి మరొకదాని గడువు తీరిపోయేది. ఈ తంటా ఎందుకని చాలా ఆసుపత్రులు మార్ఫిన్ తెప్పించడమే మానుకున్నాయి. పన్నెండేళ్లు తిరిగేసరికి, 1997 నాటికి, దేశంలో దాని వైద్య వినియోగం 90 శాతానికి పైగా పడిపోయింది. మార్ఫిన్ చీటీ ఎలా రాయాలో చూడకుండానే ఒక తరం డాక్టర్లు చదువు ముగించారు. అదే కాలంలో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు ప్రభుత్వ లైసెన్సుతో, మార్ఫిన్‌కు ముడిసరుకైన నల్లమందు పండిస్తూనే ఉన్నారు. నీమచ్, ఘాజీపూర్ కర్మాగారాలకు చేరిన ఆ సరుకులో ఎక్కువ భాగం విదేశాలకు వెళ్లి అక్కడి రోగుల నొప్పి తీర్చింది. ఇక్కడ పండిన మందు ఇక్కడి రోగికి మాత్రం అందలేదు.

నల్లగొండ వైపు నుంచి ఒకాయన వచ్చేవాడు. ఆటో నడిపేవాడు. గుట్కా అలవాటు, దవడ క్యాన్సర్. మాట పోయింది, సైగలే. రాత్రంతా కూర్చునే ఉండేవాడు, పడుకుంటే పోటు. వాళ్ల అమ్మ నా కౌంటరు దగ్గరికొచ్చి, ‘పోయిన జన్మల చేసుకున్నది సారూ, అనుభవిస్తేనే తీరుతది. మత్తు మందిస్తే మళ్ల జన్మకు మిగుల్తది’ అంది. ఆమెది కాఠిన్యం కాదు. కొడుకు వచ్చే జన్మైనా బాగుండాలన్న తపన అది. డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. నాలుగ్గంటలకోసారి మాత్ర మొదలైంది. నొప్పి దిగాక ఆయన నిద్రపోయాడు. తర్వాత వచ్చినప్పుడు ఆమె చెప్పింది, కొడుకు పొద్దున లేచి ఆంజనేయస్వామి పటానికి దండం పెట్టుకుంటున్నాడని. అంతకు ముందు కొన్ని నెలలుగా దేవుడి వంక చూడనేలేదట.

అప్పటి నుంచి నాకు ఒక సంగతి ఖాయమైంది. తీవ్రమైన నొప్పి మనిషిని దేవుడికి దగ్గర చేయదు. ఆ నొప్పి తప్ప లోకంలో ఇంకేదీ లేకుండా చేస్తుంది. భార్య, బిడ్డలు, ప్రార్థన, ఆఖరికి పశ్చాత్తాపం, వేటికీ చోటుండదు. కర్మ నిజమే అనుకుందాం. ఆ కర్మను తలచుకుని, ఒప్పుకుని, క్షమాపణ కోరుకోవడానికైనా మనసు కాస్త ఖాళీగా ఉండాలి కదా.

భగవద్గీత తితిక్షను, అంటే ఓర్పును, నేర్పుతుంది. రమణ మహర్షి చేతి మీద కంతిని, దాని బాధను ఎలా భరించారో భక్తులు ఇప్పటికీ కన్నీళ్లతో చెప్పుకుంటారు. కానీ ఆయన ఓర్పు ఆయనది. డాక్టర్లు శస్త్రచికిత్సలు చేస్తామంటే ఆయన అడ్డుచెప్పనూ లేదు. మందు అందుబాటులో ఉండి వద్దన్నవాడిది తపస్సు. మందే దొరకనివాడికి తపస్సని పేరు పెట్టడం మన తప్పును కప్పిపుచ్చుకోవడం. క్రైస్తవంలోనూ బాధకు పవిత్రత ఉంది. అయినా 1957లో పోప్ పన్నెండో పయస్ మత్తు వైద్యులతో మాట్లాడుతూ, రోగి నొప్పి తీర్చడమే ఉద్దేశమైనప్పుడు, ఆ మందు వల్ల ఆయుష్షు కొంత తగ్గే అవకాశం ఉన్నా ఇవ్వవచ్చన్నారు.

ఇక పాపం మందునిచ్చే మొక్కలోనే ఉందా? గంజాయి సంగతి చూడండి. దాని పూత చట్టం దృష్టిలో నేరం. పూత లేని ఆకు ఆ నిర్వచనంలోకే రాదు. అందుకే కొన్ని రాష్ట్రాల్లో భంగు దుకాణాలు నడుస్తాయి, ఆయుర్వేదంలో విజయ పేరుతో మందులు తయారవుతాయి. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి కమిషన్ గంజాయిని అత్యంత కఠినమైన జాబితా నుంచి తొలగించినప్పుడు భారత్ అనుకూలంగానే ఓటేసింది. నేరానికీ మందుకూ మధ్య ఈ గీతలన్నీ మనుషులు బేరాలాడి గీసుకున్నవి. అవసరాన్ని బట్టి జరపవచ్చు.  

గీత జరిగింది కూడా. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివాళ్లు ఏళ్ల తరబడి పట్టుబట్టాక 2014లో చట్టం మారింది. మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్ సహా ఆరు మందులను అత్యవసరమైనవిగా గుర్తించి, గుర్తింపు పొందిన ఆసుపత్రికి ఒకే అనుమతి చాలన్నారు. అయినా ఆ తర్వాత కూడా కరీంనగర్ నుంచి, ఆదిలాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి మాత్రల కోసం నా కౌంటరుకు వచ్చినవాళ్లున్నారు. కాగితం మీద తెరిచిన తాళం జిల్లాలో తెరుచుకోలేదు.

దొంగచేతికి ఒక మాత్ర పోతే కారకులెవరో రిజిస్టరు చెబుతుంది. మాత్ర అందక ఒకడు రాత్రంతా అరిస్తే ఆ పాపం ఎవరి ఖాతాలో పడుతుంది? చేసిన పనికే కాదు, చేయగలిగీ చేయని పనికీ ఫలం ఉంటుందని నమ్మే దేశం మనది. నా సర్వీసులో తనిఖీకి వచ్చిన ఏ అధికారీ మాత్రలు అందనివాళ్లు ఎందరని నన్ను అడగలేదు. ఆ ప్రశ్న కూడా తనిఖీ ఫారంలో చేర్చాలి. జవాబు రాసి, కలెక్టరు సంతకం పెట్టాలి.