అంచుమీది లెక్క

శంకర్‌పల్లి నుండి చేవెళ్లకు వచ్చి మొయినాబాదు దిక్కునకు మరలినచో, బీజాపూరు బాటకు ఇరువైపుల ఊడలు దింపి నిలిచిన మర్రిమ్రాకుల నీడలో పయనించి చిలుకూరు బాలాజీ సన్నిధిని చేరవచ్చును. హుండీ లేని ఆ కోవెలలో కోరిక విన్నవించుకొనువారు 11, అది ఈడేరినవారు 108 ప్రదక్షిణములు చేయుదురు. లెక్క తప్పకుండుటకై అంకెల చీటీ చేతబట్టి, చుట్టునకొక గడి కొట్టివేయుచుందురు. లోపలి స్వామితోడి వ్యవహారమంతయు వెలుపలి అంచున సాగుచుండుట చూచినప్పుడెల్ల నాకు భౌతికశాస్త్రములోని యొక విడ్డూరము స్ఫురించును.

ఒక తావున ఎంత సమాచారము పట్టునన్నచో, దాని ఘనపరిమాణము కొలది యని ఎవరైనను చెప్పుదురు. ధాన్యపు గాదెకు లెక్క అదియే. కాని కృష్ణబిలపు ఎంట్రోపీ, అనగా అందు దాగిన సమాచారపు కొలత, దాని ఉపరితల వైశాల్యమునే అనుసరించునని 1972లో జేకబ్ బెకెన్‌స్టీన్ ప్రతిపాదింపగా, 1974లో హాకింగ్ వికిరణమును గణించి దానిని స్థిరపరచెను. గాదెను కిక్కిరియ నింపుచు పోయినచో బరువు మితిమీరి తుదకు గాదెయే కృష్ణబిలమగును. ఆపైని ఇంకొక గింజ వేసితిమా, గోడయే వెలుపలికి జరుగును. కావుననే వ్యాసార్ధము రెండింతలై ఘనపరిమాణము ఎనిమిదింతలైనను, పట్టు సమాచారము నాలుగింతలే. చదరపు మీటరునకు ఆ హద్దు, 1 ప్రక్కన 69 సున్నలు చేర్చినచో వచ్చు సంఖ్యకు దగ్గరగా నుండు బిట్లు. దీనినే 1993లో జెరార్డ్ ట్ హూఫ్ట్, 1995లో సస్కిండ్ విశ్వమునకు విస్తరింపజేయగా, పలుచని రేకుపై లోతుగల బొమ్మను నిలుపు హోలోగ్రాము పేరు దానికి నిలిచినది.

ఇంకేమి, జగన్మిథ్య ఋజువైనది, అంచు సత్యము, లోపలిది నీడ యని తొందరపడు వేదాంతులు లేకపోలేదు. అది నాకు సమ్మతము కాదు. 1997లో మాల్దసేనా చూపిన సమానత్వము, అదియు వ్యాకోచించుచున్న మన విశ్వమునకు కాక ఋణవక్రత గల మరియొక విశ్వమునకు చెందినది, లోపలి గురుత్వమును, అంచుమీది గురుత్వరహిత సిద్ధాంతమును ఒకే విషయమునకు రెండు భాషలుగా నిలిపినది. మూలమేదో, అనువాదమేదో తేల్చు సాధనము అందు లేదు. త్రాడు తెలిసినపిమ్మట పాము తొలగును. ఇచ్చట ఏదియు తొలగదు.

ఛాందోగ్యమున ఉద్దాలకుడు కొడుకుచేత మర్రిపండును, అందలి గింజను పగులగొట్టించి, ఏమియు కనబడదన్నప్పుడు, కనబడని ఆ అణిమ నుండియే ఇంతటి వృక్షము నిలిచినదనెను. చెట్టు లేదని మాత్రము ఆయన యనలేదు. అట్లనియుండినచో, చేవెళ్ల బాటలోని బాటసారి నవ్వి, ఆ నీడనే కూర్చుండి చద్దిమూట విప్పుకొనెడివాడు. చిలుకూరులో 108వ గడిని కొట్టివేసిన ఇల్లాలు చీటీని మడిచి కొంగున ముడివేసికొని, లోపలికి దర్శనమునకు పోవును.