మూడు దినముల పందెము

సంక్రాంతి సమీపించగానే మన కోనసీమలో పందెముల మాట వినబడును. కోడిపందెముల సంగతి నేనిచ్చట ఎత్తను. దానిని గూర్చి పెద్దలు చాల చెప్పియున్నారు, విన్నవారే కొద్దిమంది. పడవ పందెము వేరు. 2025 జనవరిలో మా వాడపల్లికి చేరువనున్న ఆత్రేయపురములో కాటన్ దొరగారి పేరట కాలువలో పడవ పందెములు జరిగినవి. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించి ఈ కాలువలకు నీరు తెచ్చినవాని పేరు పడవలకు పెట్టుట తగియున్నది. అయితే గట్టు మీద నిలుచున్నవారికి కనబడునది పడవయే. తెడ్డు వేయువారి భుజములు ఎవరికిని కనబడవు.

నేను చెప్పబోవునది మరియొక పండుగనాటి పందెము. ఊరి పేరు, జట్టు పేరు వ్రాయను. నా మేనల్లుడు, ఇరువది యేండ్లవాడు, ఆ పడవలో తెడ్డు వేసెను.

శనివారము మొదటి పోటీ. సగము దూరము దాటిన తరువాత వాని కుడి భుజములో ఏదో పటుక్కుమన్నదట. అయినను వాడు తెడ్డు విడువలేదు, పడవ గెలిచినది. రేవున దిగునప్పుడు చేయి పైకి లేవలేదు. అంతట గట్టు మీదివారందరు వైద్యులైరి. ఒకరు నూనె రాయుమనిరి, ఒకరు చేయి పట్టి లాగుమనిరి. పూర్వము పంటు మీద పనిచేసిన ముసలి తాత ఒకడు అందరిని ప్రక్కకు త్రోసి, తన తువాలును వాని మెడకు వ్రేలాడగట్టి అందులో చేయి నిలిపెను. చేపల పెట్టెలోని ఐసు ముక్కలను గుడ్డలో చుట్టి భుజము మీద ఉంచెను. చదువరాని తాత చేసినది సరియైన పనియే. కీలు తప్పినదో లేదో తెలియక లాగినచో నరములును రక్తనాళములును చెడును. దెబ్బ తగిలిన వెంటనే మర్దించినచో వాపు హెచ్చును.

ఏడు శనివారముల మ్రొక్కుతో వాడపల్లి కోవెలకు పోవు జనముతో దారి నిండియుండుటచేత మా ఆటో పట్టణము చేరుసరికి ప్రొద్దు వాలినది. వైద్యుడు ఎక్స్‌రే చూచి, చేయి మెల్లగా త్రిప్పి చూచి, ఎముక విరుగలేదు గాని కండరము ఎముకను పట్టియుండు చోట చిరుగు పడియుండునని, కొన్ని వారములు తెడ్డు ముట్టరాదని చెప్పెను.

ఆ రాత్రి కాలువ దగ్గరి బంధువుల యింట వాడు నన్ను బ్రతిమాలెను. “మావయ్యా, ఒక్క సూది వేయించండి. రేపూ ఎల్లుండీ నొప్పి ఆగితే చాలు. ఆ తరవాత ఏమైనా కానీండి.” జట్టులోని కుర్రవాండ్రు గుమ్మము వద్ద నిలిచియుండిరి. వారు నోట ఏమియు అనలేదు గాని వారి కన్నులును అదే అడిగినవి.

చదువరులారా, నేను వెంటనే కూడదంటినని వ్రాయవలెనని నాకున్నది. అది నిజము కాదు. మా యింటిపేరు మైకులో వినబడవలెనను ఆశ నాకును గలదు. సూది మందు నొప్పిని ఆపును, చిరుగును అతుకదు. నొప్పి కావలివాడు, కావలివానిని నిద్రబుచ్చి తలుపు తీసినట్లగును. ఇదంతయు తెలిసియే నేను జేబులో డబ్బు లెక్క చూచుకొంటిని.

వాని కోరిక కదా, తీర్చిన తప్పేమి? ఈ ప్రశ్న మన కాలువ గట్టున మాత్రమే పుట్టినది కాదు. 1996లో అట్లాంటా ఒలింపిక్కులలో కెర్రీ స్ట్రగ్ అను పదునెనిమిదేండ్ల అమెరికా పిల్ల మొదటి దుముకులో పడి ఎడమ చీలమండను గాయపరచుకొన్నది. నీవు చేయగలవని శిక్షకుడు పురికొల్పగా రెండవమారు దుమికి, ఒంటికాలి మీద నిలిచి కూలబడినది. ఆమెను ఎత్తుకొని వచ్చి బంగారు పతకము వేసిరి, లోకము చప్పట్లు కొట్టినది. తీరా లెక్కలు చూడగా ఆ రెండవ దుముకు లేకున్నను పతకము వారిదే. తన సొంత పోటీకి మాత్రము ఆమె ఆ కాలితో పోలేకపోయినది. ఆమె ధైర్యమును నేను తక్కువచేయను. నా మనస్సు ఆమె చుట్టునున్న పెద్దలయందే చిక్కుకొన్నది.

అంతకు నాలుగేండ్లు ముందు, 1992లో, బార్సిలోనాలో డెరెక్ రెడ్మండ్ అను ఇంగ్లీషు పరుగుపందెగాని తొడ వెనుకటి కండరము పరుగు నడుమ తెగినది. అతడు లేచి కుంటుచుండగా తండ్రి కావలివారిని త్రోసికొని మైదానములోనికి వచ్చెను. మొదట ఇక చాలునని చెప్పి చూచెను. కొడుకు వినకపోగా భుజము క్రింద చేయివేసి, వాని అడుగుతో అడుగు వేయుచు గీత దాటించెను. లెక్కలో ఆ పరుగు ముగియలేదనియే వ్రాసిరి. నాకు తోచినంతలో భేదమిది: ఆ తండ్రికి కొడుకు నుండి రావలసిన గెలుపేదియు మిగిలియుండలేదు. నాకు మిగిలియున్నది. అందుచేత వాని కోరికయేదో నా కోరికయేదో ఆ రాత్రి నేను విడదీయలేకపోతిని.

తాతయే విడదీసెను. వాడు వచ్చి, “ఏరా అబ్బాయ్, లుంగీ విప్పి మళ్ళీ కట్టుకో చూద్దాం,” అనెను. కుర్రవాడు ఎడమ చేతితో అంచు పట్టుకొని, కుడి చేయి నడుము దాక తేలేక అట్లే నిలిచిపోయెను. ఎవరును నవ్వలేదు. తాతయే ముడివేసెను. మరునాడు వాని చోట వేరొకడు కూర్చుండవలెనని జట్టు నాయకుడు అప్పుడే చెప్పెను. ఎవ్వరి మీద విసుగుకొనక చెప్పెను. అది గొప్ప సంగతి. మేనల్లుడు అన్నము వద్దనెను, ఆకలి లేదనెను. నేను నమ్మితిని.

ఆదివారము ఉదయము గుడిలో ఆరాధన ముగియగానే నేను కాలువకు పోతిని, వాని యొద్దకు పోలేదు. “అందరూ వెళ్ళండి, నాకేం భయం లేదు,” అని వాడే చెప్పెను గదా! గాయపడిననాడు వానిని మోయుటకు పదిమంది పోటీపడిరి. రెండవనాడు డప్పు మ్రోగుచుండగా గదిలో కూర్చుండుటకు ఒక్కరును లేరు. మంచి సమరయుని కథ మనకందరికి తెలిసినదే. నూనెయు ద్రాక్షారసమును పోసిన సంగతి మనము తరచుగా చెప్పుకొందుము. అతడు ఆ రాత్రి పూటకూళ్ల యింట ఆగెననియు, మరునాడు డబ్బిచ్చెననియు, తిరిగి వత్తునని మాట యిచ్చెననియు అంతగా చెప్పుకొనము. అతనికిని తన ప్రయాణమొకటి యుండెను.

పందెము చూచి, మా పడవ కడపటి పోటీకి చేరినదను వార్తతో పరుగున వచ్చితిని. కుర్రవాడు గోడ వైపు తిరిగి పండుకొనియుండెను. తాత గుమ్మములో కూర్చుండి వల బాగుచేయుచుండెను. ప్రొద్దుటినుండి అక్కడనే యున్నాడట. ఇద్దరును మాటలాడుకొన్నదియు లేదట. ప్రక్కన కడిగి బోర్లించిన కంచమున్నది. రాత్రి ఆకలి లేక కాదు, పదిమంది నడుమ ఎడమ చేతితో తినలేక మానుకొన్నాడని అప్పుడు నాకు తెలిసినది. తాత తలుపు మూసి, కలిపి, ముద్దలు పెట్టెనట.

సోమవారము వానినే అడిగితిని, వత్తువా, ఇచ్చటనే యుందువా అని. వత్తుననెను. గట్టు మీద కనబడిన ప్రతివాడును ఎట్లు తగిలినదని అడుగుచుండగా వాని బదులు నేనే చెప్పుచు వచ్చితిని. మా పడవ కొంచెములో ఓడిపోయినది. జట్టువారు రేవునకు వచ్చి వాని చుట్టు నీళ్లోడుచు కూర్చుండిరి. తప్పు ఎవరిదో ఆ వేళ ఎవరును ఎత్తలేదు.

రాత్రి నేనే కంచము తెచ్చి తలుపు మూసితిని. పప్పు కలిపి మొదటి ముద్ద ఎత్తితిని. వాడు నా వంక చూడక కిటికీ వంక చూచుచు నోరు తెరచెను.