ఆశ వేరు, ఆశాభావము వేరు

శరణుల వచనములను శ్రద్ధగా చదువువారికి ఒక సందేహము కలుగక మానదు. ఆశను విడువుమని శరణులు మాటిమాటికి హెచ్చరించినారు. ధనముపై ఆశ, పదవిపై ఆశ, కడకు స్వర్గముపై ఆశయు భక్తుని కాలికి సంకెలయే అన్నారు. నేటి మనశ్శాస్త్రజ్ఞులును వైద్యులును చెప్పునది మరియొక విధముగా నున్నది. మనిషి ఆశావాదిగా ఉండవలెనట. అట్టివాడు ఎక్కువ కాలము, ఎక్కువ ఆరోగ్యముతో జీవించునట. ఆశను వదలినవాడు ఆశావాది ఎట్లగును? ఈ రెండు మాటలలో ఒకటి తప్పు కావలెను. లేదా ‘ఆశ’ అను ఒక్క పదము క్రింద రెండు వేర్వేరు భావములు దాగి ఉండవలెను.

ఈ ప్రశ్న గ్రంథములకు మాత్రమే చెందినది కాదు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో ఆకాశము వైపు చూచి విత్తు వేయు ప్రతి కుటుంబమునకు ఇది ఇంటి ప్రశ్న. ఈ మూడు పట్టణములు 2022 ఏప్రిల్ వరకు అనంతపురము జిల్లాలో ఉండి, అటు పిమ్మట శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మారినది గాని వాన తీరు మారలేదు. పాత జిల్లా సగటు వర్షపాతము ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొద్ది వానయు వేళకు రాదు. ఇట్టి చోట ‘మంచినే తలచుము’ అని చెప్పుట సులభము. విన్నవాడు తెల్లవారి లేచి ఏమి చేయవలెనో చెప్పుట కష్టము.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ వీరశైవ కుటుంబములలో తెలియనివారు అరుదు. కల్యాణములో బసవేశ్వరుల మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే ఆ ఇంట దాసోహము జరుగుచుండెడిది. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము మూటగట్టి తెచ్చినాడు. లక్కమ్మ మెచ్చుకొనలేదు. ఇది చాలిన కొలతకు మించినది, తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపినది. మరియొకనాడు మారయ్య శరణుల గోష్ఠిలో మైమరచి కూర్చుండి కాయకమును మరచినప్పుడు, లేచి పని చూడుమని గుర్తుచేసినదియు ఆమెయే.

ఈ రెండు ఘటనలను కలిపి ఆలోచించువారు తక్కువ. మొదటిదానిలో లక్కమ్మ రేపటి బియ్యమును నేడే మూట కట్టుటను కాదన్నది. రెండవదానిలో నేటి పనిని మానుటను కాదన్నది. మూటను తిరిగి పంపినది గనుక ఆమెకు రేపటి చింత లేదనుకొనుట పొరపాటు. రేపును ఆ ముంగిట గింజలు రాలును, రేపును మారయ్య చేతులు వాటిని ఏరును అను నిబ్బరము లేనిదే ఏ ఇల్లాలును బియ్యపు మూటను గడప దాటనీయదు. ఆశ ఫలమును ముందుగానే చేజిక్కించుకొన చూచును. ఆశాభావము ఫలము ఇంకను కంటబడకున్నను పనిని విడువదు. శరణులు విడువుమన్నది మొదటిదానిని. రెండవది లేనిచో కాయకమే లేదు.

ఇందుకొక ఆక్షేపణ రావచ్చును. కరవు సీమలో రేపటికి దాచుకొనకున్న బ్రతుకు ఎట్లు? విత్తనపు వేరుసెనగను దాచుకొనని రైతు మరుసటి ఏడు షావుకారు అంగడి ముందర నిలువవలసినదే గదా? ఇది న్యాయమైన ఆక్షేపణ. అయితే విత్తనము మిగులు కాదు. అది రేపటి కాయకమునకు పనిముట్టు. లక్కమ్మ కాదన్నది అవసరమునకు మించి, ఇతరుల వంతును తన ఇంట చేర్చుటను. కొందరు ఉపన్యాసకులు ఈ కథను చెప్పునప్పుడు దాచుకొనుటయే పాపమన్నట్లు మాటలాడుదురు. వరుసగా వానలు తప్పిన ఏండ్లను ఈ సీమలో చూచినవారెవరును అట్లు చెప్పరు.

ఫలమును ముందుగా పట్టుకొనగోరు ఆశ ఎట్టిదో తెలియవలెనన్న, హిందూపురము చుట్టుపట్ల పల్లెలలో బోరు బావుల కథ వినవలెను. ఇచ్చట నేల అడుగున గట్టి రాయి. నీరు ఆ రాతి పగుళ్ళలో మాత్రమే నిలుచును. పగులు తగిలినచో నీరు, తగలకున్న దుమ్ము. రైతు అప్పు చేసి మొదటి బోరు వేయించును. వందల అడుగులు పోయినను దుమ్మే వచ్చును. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని పొలమంతయు నడచినవాడు మరియొక చోటు చూపును. రెండవ బోరు, మూడవ బోరు. ప్రతిసారియు ‘ఈసారి తప్పక పడును’ అను మాటయే. ఆ రైతును నిరాశావాది అనగలమా? కానేకాదు. ఆతని నిండ ఆశయే ఉన్నది. ఆతనిని ముంచుచున్నదియు అదియే. మొదటి బోరులో పోయిన సొమ్మును తరువాతి బోరు తిరిగి తెచ్చునను తలంపు జూదరి తలంపునకు దగ్గరి చుట్టము. 1990ల చివరి నుండి ఈ సీమలో అప్పులపాలై ప్రాణములు తీసికొన్న రైతుల ఇండ్లకు పరామర్శకు వెళ్ళినవారు ఎండిపోయిన బోర్ల మాటను పలుమారులు విన్నారు. అట్టి ఇంటి వాకిట నిలిచి ఆశావాదమును ఉపదేశించుటకు ఎవరికి నోరు వచ్చును?

ఈ భేదమును పరిశోధనతో చూపినవారును కలరు. గాబ్రియేలె ఓటింగెన్, థామస్ వాడెన్ అను మనశ్శాస్త్రజ్ఞులు స్థూలకాయమును తగ్గించుకొనుటకు చికిత్సలో చేరిన స్త్రీలను పరిశీలించి 1991లో తమ ఫలితములను ప్రకటించినారు. తాము ప్రయత్నించిన సాధ్యమగునని నమ్మినవారు ఎక్కువ బరువు తగ్గినారు. సన్నబడిన తమ రూపమును ముందుగానే ఊహించుకొని మురిసినవారు తక్కువ తగ్గినారు. ఊహలోనే ఫలమును అనుభవించినవానికి నడుము వంచవలసిన అవసరము తోచదు కాబోలు. ఆశావాదము వలన ఆయుష్షు పెరుగునను మాటకును కొంత ఆధారము ఉన్నది. అమెరికాలో నర్సులను, మాజీ సైనికులను ఏండ్ల తరబడి పరిశీలించి 2019లో ప్రకటించిన అధ్యయనములో, మిక్కిలి ఆశాభావము గలవారి ఆయుష్షు మిక్కిలి తక్కువ గలవారికంటె సగటున 11 నుండి 15 శాతము అధికమని తేలినది. ఆ ఆయుష్షును ఇచ్చినది ఆశాభావమేనా, దానితో కలిసి వచ్చు మంచి అలవాట్లా, కూడు గుడ్డలకు లోటు లేని జీవితమా అనునది ఆ లెక్కలతో మాత్రమే తేలునది కాదు.

అంతకంటె లోతైన విషయము మరియొకటి గలదు. 1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మయర్ అను ఇరువురు అమెరికా పరిశోధకులు కుక్కలపై చేసిన ప్రయోగములను ప్రకటించినారు. అవి క్రూరమైన ప్రయోగములే. తప్పించుకొను మార్గము లేకుండ విద్యుద్ఘాతమునకు గురియైన కుక్కలలో పెక్కు, తరువాత దాటదగిన చిన్న అడ్డు మాత్రమే ఉన్నను లేవక పడియున్నవి. నిస్సహాయతను జీవి నేర్చుకొనునని వారు నాడు చెప్పినారు. దాదాపు 50 ఏండ్ల పిమ్మట, 2016లో, ఆ ఇరువురే తమ మాటను తలక్రిందులు చేసికొన్నారు. దీర్ఘమైన బాధకు జీవి సహజముగా ఇచ్చు జవాబు పడియుండుటయే. నేర్చుకొనవలసినది ‘నా చేతిలోనిది కొంత కలదు’ అను ఎరుక అని మెదడు పరిశోధనల ఆధారముతో వ్రాసినారు. తమ పేరు ప్రతిష్ఠలకు మూలమైన మాటనే దిద్దుకొన్న ఆ నిజాయితీ అభినందింపదగినది. కరవులో కుంగి కూర్చున్నవానిని సోమరి అనుటకు ఇక వీలు లేదు. కుంగుట స్వభావము, లేచుట అభ్యాసము.

అభ్యాసము ఎట్లు చేయవలెను? దూరము పోనక్కరలేదు. ధర్మవరము వీధులలో మగ్గపు గుంత దగ్గర కొంతసేపు కూర్చున్నను తెలియును. పట్టుచీర నేయునప్పుడు పడుగులో పోగు తెగుట నిత్యము జరుగునదే. నేతగాడు మగ్గమును ఆపును. తెగినది ఏ పోగో వెదకును, దానిని మాత్రమే అతుకును, మరల నాడె విసరును. ‘చీర అంతయు పాడైనది’ అనడు. ‘నా చేతిలో ఎప్పుడును పోగు నిలువదు’ అని తలపై చేయి పెట్టుకొనడు. సెలిగ్‌మన్ తన తరువాతి గ్రంథములలో చెప్పినదియు ఇంచుమించు ఇదియే. కష్టము వచ్చినప్పుడు ‘ఇది ఎల్లకాలము ఇంతే, నా బ్రతుకంతయు ఇంతే’ అనుకొనువాడు క్రుంగును. ‘ఈ ఏడు, ఈ పొలములో, ఈ కారణమున ఇట్లయినది’ అనుకొనువాడు నిలుచును. కష్టమునకు హద్దు గీయుట నేర్చుకొనవలెను. అబద్ధపు హద్దు కాదు, ఉన్న హద్దు. తెగినది ఒక పోగు అయినచో ఒక పోగే అని ఒప్పుకొనవలెను. పది తెగినచో పదియు అతుకవలెను.

అదే నేతగాడు మగ్గము దిగి వీధిలోనికి వచ్చినప్పుడు ఆతని కష్టము పోగుతో తీరునది కాదు. పట్టు నూలు ధర ఆతని చేతిలో లేదు. చేనేతకు కొన్ని వస్త్రములను కేటాయించుచు 1985లో చట్టము వచ్చినది. అయినను మరమగ్గముపై నేసిన అనుకరణ చీరలు అంగళ్ళలో తక్కువ ధరకు దొరకుచునేయున్నవి. ధైర్యము వీడవద్దని నేతగానికి చెప్పి, తమ ఇంటి పెండ్లికి మరమగ్గపు చీరను చేనేత పేర కొనువారు చెప్పు ఆశావాదము ఎంత విలువ చేయును? ఒకనికి ఆశాభావమును బోధించువారు ఆ ఆశాభావమునకు తగిన ఆధారమును కొంతయైన తామే కల్పింపవలెను. శరణులు కాయకము ప్రక్కన దాసోహమును నిలిపినది ఊరకే కాదు.

హిందూపురమునకు అంత దూరము కాని తుమకూరు దగ్గరి సిద్ధగంగా మఠమును ఈ సందర్భమున స్మరింపక తప్పదు. 1907లో జన్మించి 2019 జనవరిలో లింగైక్యులైన శ్రీ శివకుమార స్వాములవారు అచ్చట కుల మత భేదము పాటింపక వేలాది పేద బాలురకు అన్నము, వసతి, చదువు కల్పించినారు. కరవు పల్లె నుండి వచ్చిన బాలునికి రేపటిపై నమ్మిక కలిగించినది ఉపన్యాసము కాదు. రేపు ఉదయమును ఆ పంక్తిలో తన చోటు తనకు ఉండునని ఎరిగియుండుట. లక్కమ్మకు మహామనె ముంగిలి ఎట్టిదో ఆ బాలునికి ఆ పంక్తి అట్టిది.

కోరికను కార్యముగా మార్చినవారు ఈ నేలపై పూర్వము నుండి ఉన్నారు. 1565లో రక్కసి–తంగడి యుద్ధము తరువాత విజయనగరము పాడుపడగా, తిరుమలరాయలు పెనుకొండకు వచ్చి రాజ్యమును నిలిపిన సంగతి అందరెరిగినదే. అంతకంటె తక్కువమందికి తెలిసినది హిందూపురమునకు పొరుగుననే ఉన్న గౌరిబిదనూరు ప్రాంతమున దొరకిన 1388 నాటి శాసనము. హరిహరరాయల కుమారుడు బుక్కరాయలు పెనుకొండలో ఉన్నప్పుడు ఆ పట్టణమునకు నీరు తేవలెనని సంకల్పించి, జలసూత్రములు ఎరిగిన సింగయభట్టును నియమించినాడు. ఆతడు హెన్నె నది నుండి, అనగా నేటి పెన్న నుండి, సిరువర చెరువు వరకు కాలువ త్రవ్వించినాడు. ఆ శాసనములో కాలువ త్రవ్వించిన రాజకుమారుని పేరుతో పాటు త్రవ్వినవాని పేరును నిలుచుట గమనింపదగినది. అన్ని శాసనములలోను అట్లుండదు. ధర్మవరము చెరువును క్రియాశక్తి ఒడెయరు కట్టించి, తల్లి ధర్మాంబ పేర ఊరు నిలిపినాడని స్థానికులు చెప్పుకొందురు. నేడు హంద్రీ–నీవా కాలువ వెంట కృష్ణా జలములు శ్రీశైలము నుండి ఎత్తులెక్కి పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయమును చేరినవి. అది ఒకనాటి తలంపు కాదు. తరములు అడిగి, త్రవ్వి, మరల అడిగి సాధించుకొన్నది.

ఇంత పెద్ద పనులు రాజులకును ప్రభుత్వములకును తగినవి అనువారుందురు. వారు ధర్మవరము, పెనుకొండల నడుమనున్న చెన్నేకొత్తపల్లి వైపు కొండలను చూడవలెను. 1990లో టింబక్టు కలెక్టివ్ అను సంస్థ అచ్చట 32 ఎకరముల బీడుతో పని ఆరంభించినది. పిమ్మట చుట్టుపట్ల గ్రామముల వారితో కలిసి ‘కల్పవల్లి’ అను పేర ఏడువేల ఎకరములకు పైబడిన కొండ బీడులను కాపాడుటకు పూనుకొన్నది. వారు ముఖ్యముగా చేసినది వేసవిలో మంటలు వ్యాపింపకుండ చూచుట, నరుకుటను మాన్పుట. నేలలో మిగిలియున్న వేళ్ళు తామే చిగిర్చినవి. చచ్చినదనుకొన్న కొండ చావలేదు. దానిని ఎవరును ఊపిరి పీల్చుకొననీయలేదు, అంతే. ఈ కథయు అన్ని విధముల సుఖాంతము కాదు. 2010 తరువాత ఆ కొండలపైకి గాలిమరలు వచ్చినవి, వాటి దారుల కొరకు కొండను త్రవ్వినారు, వివాదములు నడచినవి. అయినను వేసవి వచ్చినప్పుడు మంటలను కాచువారు కాచుచునేయున్నారు.

ఈ ప్రాంతమున కొందరు రైతులు ఇటీవలి ఏండ్లలో ఒక పద్ధతిని అవలంబించుచున్నారు. పొలమంతయు ఒక్క వేరుసెనగకే అప్పగించి ఆకాశమును చూచుటకు బదులు కంది, జొన్న, సజ్జ, అలసంద, అనుము మొదలగు పలురకముల విత్తనములను కలుపుదురు. వాటికి మట్టి, పేడ, బూడిద పట్టించి చిన్న గుళికలుగా చేయుదురు. ఋతుపవనములకు ముందే, ఇంకను ఎండ మండుచుండగనే, పొడి నేలపై చల్లుదురు. ఆ పూత వలన చీమలును పక్షులును వాటిని అంతగా ముట్టవు. చాలినంత తడి తగులువరకు అవి మొలకెత్తక వేచియుండును. చిన్న జల్లు పడినను కొన్ని లేచును, తక్కినవి మరియొక వానకు ఉండును. గుళికలు చల్లి వచ్చిన రైతు ఆ సాయంకాలము ఆకాశము వైపు చూడడని కాదు. చూచును, చూచి, మరునాటికి కావలసిన పేడను తట్టకెత్తుటకు కొట్టము వైపు నడచును.