త్రవ్వినవాడి బాధ్యత

పాత వస్తువులను కాపాడటం గురించి మాట్లాడితే మన అభ్యుదయ మిత్రులలో కొందరు మొహం చిట్లిస్తారు. పూర్వ వైభవమంటూ గుండెలు బాదుకునేవారి పని అది, మనకెందుకు అంటారు. కూటికి లేనివాళ్లు యింతమంది వున్న దేశంలో పగిలిన కుండపెంకులకు బీరువాలు చేయించడం యే నీతి అని ఒక విద్యార్థి నన్ను తరగతిలోనే నిలదీశాడు. ప్రశ్న బాగానే వున్నది. దానికి సంస్కృతి, వారసత్వం అనే రెండు పెద్ద మాటలు అడ్డువేసి తప్పించుకోవడం నాకిష్టం లేదు. ఆ మాటలతో యెవరైనా యేమైనా చేయవచ్చు, చేస్తూనే వున్నారు.

ప్రశ్నను నేలమీదికి దించుదాం. నాగార్జునకొండ లోయను తీసుకుందాం. అక్కడి శిథిలాలు 1926లో వెలుగులోకి వచ్చాయి. లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 దాకా, టి. ఎన్. రామచంద్రన్ 1938లో కొంత త్రవ్వారు. ఇక్ష్వాకుల విజయపురి అదే. తర్వాత కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టాలన్న నిర్ణయం వచ్చింది. లోయ మునుగుతుంది గనుక 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన పెద్దయెత్తున త్రవ్వకాలు జరిగాయి. రాతియుగపు పనిముట్ల దగ్గరనుంచి మధ్యయుగపు కట్టడాల దాకా బయటపడ్డాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కొన్ని కట్టడాలను విప్పి కొండమీదా, అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. 1966లో కొండమీద మ్యూజియం తెరిచారు. మిగతా లోయ నీటి అడుగున వున్నది.

నీళ్లా, శిల్పాలా అని యిప్పటికీ వాదించేవారున్నారు. నా మట్టుకు నాకు అందులో తికమక లేదు. పల్నాటి రైతుకూ, నల్లగొండ రైతుకూ నీళ్లు కావలసిందే. కాని అక్కడితో లెక్క తీరలేదు. ముంచాలని నిర్ణయించింది మన సమాజమే. మునిగేలోగా తీసి దాచిందీ మన సమాజమే. భూమి 1,600 యేళ్లకు పైగా ఆ వస్తువులను ఒక్క పైసా అడగకుండా, గుమాస్తా లేకుండా కాపాడింది. ఆ పని దాని చేతిలోంచి మనం లాక్కున్నాం. దీనికి దేశభక్తితో గాని మతభక్తితో గాని సంబంధం లేదు. పరాయివాళ్ల బిడ్డను యేరు దాటిస్తానని చంకనెత్తుకున్నవాడు నడియేట నిలబడి నాకు వేరే పనులున్నాయంటే వొప్పుకోం గదా. అంతటి మామూలు నీతి యిది.

అయితే కాపాడటమంటే యేమిటి? తాళం వేయడం మాత్రం కాదు. కుండపెంకు తనంతట తాను యేమీ చెప్పదు. యే గోతిలో, యే పొరలో, దేని పక్కన దొరికిందో రాసిన చీటీ వున్నంతవరకే అది సాక్ష్యం. సంచీ తేమకు చివికి, చీటీని పురుగు తిని, రెండు సంచుల పెంకులు కలిసిపోయాయనుకోండి. పెంకులన్నీ అక్కడే వుంటాయి, ఒక్కటీ పోదు. సాక్ష్యం మాత్రం పోయింది. విగ్రహం పోతే పోలీసు కేసు వుంటుంది, చీటీ పోతే వుండదు. ఇనుప వస్తువు తేమకు పొరలు పొరలుగా వూడి తుప్పు ముద్దవుతుంది. రాగి వస్తువులో ఉప్పు చేరితే పచ్చని పొడిగా రాలుతుంది. మళ్లీ త్రవ్వి చూద్దామంటే వీలుపడదు, త్రవ్విన పొర యిక వుండదు గనుక. నాగార్జునకొండ విషయంలోనైతే లోయే లేదు. అంటే ఆ పెట్టెలూ, ఆ నోటుపుస్తకాలూ, ఆ పటాలే యివాళ మనకు మిగిలిన లోయ. ఆ త్రవ్వకాల నివేదిక మొదటి సంపుటం 1975లో, రెండవది 2006లో వెలువడ్డాయి. త్రవ్వకం ముగిసిన 46 యేళ్లకు రెండో సంపుటం! అన్నాళ్లూ ఆ చీటీలు భద్రంగా వుండాలని ఆశించడమే మన విధానమైపోయింది.

ఇక యెవరికోసం కాపాడాలి అన్న మాట. నా విద్యార్థి ప్రశ్నకు నిజమైన జవాబు యిక్కడున్నదనుకుంటాను. నాగార్జునకొండ శాసనాలలో ఇక్ష్వాకు రాజకుటుంబపు స్త్రీల దానాలు రాతిమీద చెక్కివున్నాయి. రాతిమీద పేరు చెక్కించుకోగలిగినవాళ్లకు మన గుమాస్తా అవసరం అంతగా లేదు. ఆ రాళ్లు మోసినవాడు, వాళ్ల యిళ్లలో కుండలు తోమిన మనిషి యేం తిన్నారో, యెలా బతికారో చెప్పేది కుండపెంకూ, యెముక ముక్కా, మాడిన గింజా. సరిగ్గా ఆ వస్తువులే మ్యూజియం అద్దాల వెనక్కి రావు, గోదాముకు పోతాయి. బుద్ధ విగ్రహానికి దీపాలు వెలుగుతాయి. కూలివాడి చరిత్ర గోనెసంచీలో వుంటుంది. కనుక గోదామును నిర్లక్ష్యం చేయడం వర్గాతీతమైన సోమరితనమని నేననుకోను.

అమరావతిలో విధికుడనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి పూర్ణకుంభం చెక్కిన ఒక ఫలకాన్ని దానమిచ్చినట్లు దానిమీది శాసనం చెబుతుంది. తోలుపని చేసేవాడు కుటుంబంతో సహా, సగర్వంగా, ఒక మహాస్తూపం మీద కనబడుతున్నాడు! ఆనాటి సమాజాన్ని గురించి వంద వూహలను సరిదిద్దగల రాయి అది. అలాంటి రాళ్లు యెన్ని అక్కడ సున్నం బట్టీలకు పోయాయో లెక్క లేదు. 18వ శతాబ్దం చివర మెకంజీ ఆ దిబ్బను చూసి, 1816లో తిరిగి వచ్చేసరికే దాని నడిమిభాగం త్రవ్వేసి వుంది. అతని మనుషులు గీసిన బొమ్మలలో వున్న శిల్పాలు కొన్ని యివాళ యెక్కడా లేవు. కాగితం మాత్రం వున్నది.

ఆ శిల్పాల తర్వాతి కథ యెవరికీ గర్వకారణం కాదు. ఎలియట్ 1845లో తీయించినవి మద్రాసులో యెండకూ వానకూ పడివుండి 1859లో లండను చేరాయి. అక్కడా చాలాకాలం వాటికి సరైన గది లేదు. బ్రిటిష్ మ్యూజియంలో వాటికి ప్రత్యేకంగా గాలీ తేమా అదుపులో వుండే గది యేర్పడింది 1992లో. మద్రాసులో మిగిలిన వాటిని 19వ శతాబ్దంలో గోడల్లో సిమెంటుతో బిగించారు. సిమెంటులోని ఉప్పు తేమతో రాతిలోకి పాకి, పైపొరను రేకులుగా వూడగొడుతుంది. మా దగ్గర భద్రంగా వున్నాయి గనుక మావేనని లండనువారనడం దొంగసొత్తును బాగా తుడిచిపెట్టానని చెప్పుకోవడమే. వాటిని తిరిగి అడగాలి. అడిగే మనం మన గోడవైపు కూడా చూడాలి. ఆ రెండు పనులకూ వైరుధ్యం లేదు.

అన్నీ దాచగలమా అని అడుగుతారు. దాచలేం. వేల పెంకుల్లో కొన్నింటిని వదిలేయక తప్పదు. కాని లెక్కపెట్టి, తూచి, బొమ్మతీసి, యేది యెందుకు వదిలేశామో రాసి సంతకం చేసి వదిలేయడం వేరు, కప్పు కారి కుళ్లిపోనివ్వడం వేరు. మొదటిది నిర్ణయం, తప్పయితే రేపటివాడు మనల్ని నిలదీయవచ్చు. రెండవదానిలో నిలదీయడానికి మనిషే దొరకడు. దాచే చోటు లేనప్పుడు కొత్తగా త్రవ్వకపోవడం కూడా ఒక నిర్ణయమే. నేలలో వున్నది నేలలో వుండనీయండి. కాని త్రవ్వకానికి పత్రికలో ఫొటో వస్తుంది, బీరువాకు రాదు. బీరువాను ప్రారంభించడానికి మంత్రి వచ్చిన దాఖలా నేను వినలేదు.

నీళ్లు తరుముకొస్తున్న చోట మాత్రం ఆగే వీలు లేదు. శ్రీశైలం ప్రాజెక్టు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురం చేర్చారు. అలాంటి సందర్భాలు మళ్లీ వస్తాయి. కనుక నా విద్యార్థి లేవదీసిన డబ్బు ప్రశ్నకు డబ్బు లెక్కలోనే జవాబు చెప్పాలి. కాలువ పూడిక తీయడానికీ, గేట్లకు రంగు వేయడానికీ ప్రాజెక్టు పద్దులో యేటేటా సొమ్ము కేటాయించాలని అందరూ వొప్పుకుంటారు. ఆ ప్రాజెక్టు కింద మునిగిన వూళ్లనుంచి తీసిన పెట్టెలకు కొత్త చీటీలు రాసే గుమాస్తా జీతం కూడా అదే పద్దులో, అదే పేజీలో, గేట్ల రంగు కింది వరుసలో వుండాలి.