నాయకుని పూచీ

తన కంటియెదుట జరుగని ప్రమాదమునకు సేనానాయకుడు పూచీపడవలయునా? ఎవరి కర్మము వారిదే యను మాట మన యిండ్లలో నిత్యము వినబడునదే. చేయని తప్పునకు శిక్ష యేల యని యెవరికైనను తోచును. కాని జయము కలిగినపుడు వేలమంది పాటునకు ఫలమైన పతకము నాయకుని వక్షముననే వ్రేలాడును గదా! అది తన కృషి కాదని త్రోసివేసినవారిని గూర్చి మేమంతగా వినలేదు.

1923వ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీని అమెరికా నౌకాదళమునకు చేరిన 14 డిస్ట్రాయరు నౌకలు శాన్‌ఫ్రాన్సిస్కోనుండి శాన్‌డియాగోకు 20 నాట్ల వేగమున పోవుచుండెను. అన్నిటికి ముందున్నది డెల్ఫీ. అందు దళాధిపతి కాప్టెన్ ఎడ్వర్డు వాట్సన్ ఉండెను. పొగమంచులో తీరము కానరాలేదు. వేగమును, కాలమును, దిక్కును లెక్కగట్టి తామున్న చోటు నూహించుకొనుచుండిరి. ఒడ్డునున్న రేడియో కేంద్రము తెలిపిన దిక్కు ఈ లెక్కకు సరిపడలేదు. ఆ సాధన మప్పటికి క్రొత్తది, దానిని నమ్మరైరి. లోతు కొలుచుటకు వేగము తగ్గింపవలయును, అదియు చేయరైరి. రాత్రి 9 గంటలకు శాంటా బార్బరా కాలువ వచ్చినదని తలచి తూర్పునకు మరలిరి. అయిదు నిమిషములలో డెల్ఫీ హోండా అగ్రమున రాళ్ళకు తాకెను. దాని వెన్నంటి వచ్చినవియు తాకెను. ఏడు నౌకలు నష్టమయ్యెను. 23 మంది నావికులు మరణించిరి. అందు 20 మంది, ప్రక్కకు ఒరిగిపోయిన యంగ్ అను నొక్క నౌకలోనివారే.

అంతకు వారముదినముల ముందే జపానులో మహాభూకంపము సంభవించెను. దానివలన సముద్రప్రవాహములు మారి యుండునని కొందఱందురు. వాట్సన్ ఆ సాకును ఆశ్రయింపక పూచీ యంతయు తనదే యనెను. సైనిక న్యాయస్థానమాయనను దోషిగా నెంచి జ్యేష్ఠతాక్రమమున క్రిందికి దింపెను. వెనుక వచ్చిన నౌకాధిపతులలో పెక్కురు నిర్దోషులైరి. నాయకుని వెంబడించుట వారి విధియట! ఇచ్చట మాకు సందేహము కలదు. పూచీ యనునది అన్నదమ్ములు పంచుకొన్నకొలది తఱుగు నాస్తి కాదు. ఒకడు పూర్తిగా వహించెనని తక్కినవారికది లేకుండబోదు. ఒక్కొక్క నౌకకు అధిపతిని వేఱుగా నియమించుట, ముందువాని దీపమును మాత్రము చూచుచు పోవుటకా?

మన దేశమున 2013 ఆగస్టు 14వ తేదీని ముంబయి నౌకాశ్రయములో సింధురక్షక్ అను జలాంతర్గామి ప్రేలుడువలన మునిగి 18 మంది మరణించిరి. 2014 ఫిబ్రవరి 26వ తేదీని సింధురత్నలో పొగలు క్రమ్మి యిద్దఱధికారులు ప్రాణములు కోల్పోయిరి. ఆనాడే నౌకాదళాధిపతి అడ్మిరల్ జోషీ నైతికమైన పూచీ వహించి రాజీనామా నిచ్చెను, ప్రభుత్వ మంగీకరించెను. పదవిని పట్టుకొని వ్రేలాడు వారిని దినదినమును చూచు మనకు ఇది గౌరవింపదగిన కార్యమే. అయినను పదవి విడుచుటయు జవాబు చెప్పుటయు నొకటి కావు. కుమారుని పోగొట్టుకొన్న తల్లి యెవరి కుర్చీ ఖాళీయైనదని యడుగదు. నా బిడ్డ యేల పోయెను, ఆ లోపము ముందే యెవరికైనను తెలియునా యని యడుగును. నాయకుడు వెడలిపోయినంత మాత్రమున ఆ ప్రశ్న వెడలిపోదు.

కఠినముగా శిక్షించినచో క్రిందివారు లోపములను దాచుదురని కొందఱు వాదింతురు. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. కావున మేము కోరునది శిక్షయొక్క పరిమాణముకంటె విచారణయొక్క సూక్ష్మత. నాయకునికేమి తెలియును? తెలిసికొనుట కేమి యత్నించెను? చెప్పవచ్చిన వానినెట్లు చూచెను? యంత్రము చెడినదని విన్నవించిన చిన్న యుద్యోగిని గద్దించి పంపిన నాయకుడు, తరువాత అగ్ని పుట్టిననాడు తాను వంద క్రోసుల దూరమున నుంటినని చెప్పుకొన వలనుపడదు.