పునర్నిర్మాణమనగా నేమి?

పునర్నిర్మాణమను మాట నేడు మిక్కిలి చౌకగా వాడబడుచున్నది. పాత గోడ పడగొట్టి కొత్త గోడ లేపినను పునర్నిర్మాణమే. దివాలా తీసిన కొట్టును వేరొక పేరుతో తెరచినను పునర్నిర్మాణమే. ముందున్న ‘పునః’ అను రెండక్షరములను ఎవరును లెక్కలోనికి తీసికొనుట లేదు. మునుపటి దానిలో ఏదియో ఒకటి నిలిచినప్పుడే గదా ‘మరల’ అనుట చెల్లును! ఆ నిలుచునది యేది?

జైనశాస్త్రము సత్తునకు ఉత్పాదము, వ్యయము, ధ్రౌవ్యము అని మూడు లక్షణములు చెప్పినది. మొదటి రెండును జమాఖర్చులవలె వర్తకులకు సులభముగ బోధపడును. చిక్కంతయు మూడవదానితోనే.

శత్రుంజయగిరి కథ యొకటి ఇచ్చట తలపదగినది. 12వ శతాబ్దిలో కుమారపాలుని మంత్రి ఉదయనుడు అచ్చటి కొయ్య ఆలయమున ఒక ఎలుక వెలుగుచున్న వత్తిని లాగుకొనిపోవుట చూచి, నిప్పంటుకొనునని భయపడి, రాతితో కట్టింతునని సంకల్పించెను. యుద్ధమున గాయపడి ఆ కోరిక తీరకయే మరణించెను. కుమారుడు వాగ్భటుడు తండ్రి మాట చెల్లించెను. తరువాతి సంగతిని మేరుతుంగాచార్యుడు ప్రబంధచింతామణిలో చెప్పినాడు. ఆలయము పూర్తియైనదని ఒక వార్త, అది పగిలినదని వెంటనే మరియొక వార్త వచ్చినవి. రెండవ వార్త తెచ్చినవానికే వాగ్భటుడు ఎక్కువ బహుమానమిచ్చెనట! తాను బ్రతికియుండగనే పగిలినది గదా, మరల కట్టింపవచ్చునని ఆయన సంతోషము. ప్రదక్షిణమార్గమున చొచ్చిన గాలి వెలికిపోలేక పగిలినదనియు, ఆ మార్గము లేకుండ కట్టినచో కట్టించినవానికి వంశము నిలువదనియు శిల్పులు చెప్పిరి. ధర్మమే తనకు సంతానమని యెంచి ఆయన ఆ మార్గమును రాళ్ళతో పూడ్పించెను.

కొయ్య పోయినది, రాయి వచ్చినది. తండ్రి మాటయు, అచ్చటి ఆరాధనయు నిలిచినవి. ఈ లెక్కన చూచినచో, పాత శాసనపు రాతిని మెట్టుక్రింద వేసి, దాతల పేర్లతో పాలరాతి పలక నిలుపు జీర్ణోద్ధారములు ఏ పద్దుక్రింద చేరునో చదువరులే చెప్పగలరు.

కొట్టు సంగతియు నంతే. వేరొక వీధిలో, వేరొక సరుకు అమ్ముకొనుచు పాత బాకీలు తీర్చువాడు తన వ్యాపారమును పునర్నిర్మించినవాడే. అదే గద్దెమీద కూర్చుండి, పేరుపలక మాత్రము మార్చి, బాకీలు ఎగవేసినవాడు ఏమియు పునర్నిర్మింపలేదు. చట్టము వానిని విడిచిపెట్టియుండవచ్చును. అది వేరు సంగతి.

సాధువుల ఆచారములో ఈ విషయము మరింత కఠినముగ నున్నది. మహావ్రతములకు భంగము కలిగినప్పుడు ఛేదోపస్థాపనమను విధి కలదు. వ్రతములు మరల నిత్తురు. కాని అంతవరకు గడచిన దీక్షాకాలము కొట్టివేయబడును. నిన్నటివరకు తనకు నమస్కరించిన చిన్న సాధువులకు, అదే సంఘములో, అందరును చూచుచుండగా, ఇకమీదట ఆయనయే ముందుగా నమస్కరింపవలెను.