జుగుప్స యేది, జాగ్రత్త యేది?

ఇంటిలో ఒకరికి దీర్ఘకాలిక హెపటైటిస్ బి యున్నదని రక్తపరీక్షలో తేలగానే ఆ మనిషి కంచము, గ్లాసు వేరు చేయు కుటుంబములు కలవు. ఇంట తెలుగు, కచేరీలో కన్నడము నడచు నాగరగెరె, బాగేపల్లి, చింతామణి సీమకును ఈ భయము కొత్త కాదు. అట్లు చేయువారు దుర్మార్గులు కారు. పిల్లలను కాపాడుకొనవలెనను తలంపే వారిది. అయినను అది అహింసయా, హింసయా అనునది విచారింపదగియున్నది.

ఈ వైరసు కాలేయమును పట్టును. రక్తము వలన, దాంపత్యము వలన, కాన్పు వేళ తల్లినుండి బిడ్డకు సోకును. ఒక పంక్తిని భుజించుట వలన, తాకుట వలన, దగ్గు వలన రాదు. కాని కంచము వేరైన ఆ యింటనే గడ్డము గీచుకొను బ్లేడు, గోళ్లు తీయు కత్తెర అందరికి ఒక్కటే! ఎండిన రక్తములో ఈ వైరసు ఏడు దినములైనను నిలిచియుండగలదు.

సమ్యగ్దర్శనమునకు చెప్పిన ఎనిమిది అంగములలో నిర్విచికిత్స యొకటి. రోగి శరీరమును చూచి ఏవగించుకొనకుండుట. సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారమున దీనికి ఉద్దాయన రాజును దృష్టాంతముగా పేర్కొనిరి. రోగియైన ముని తనపై వాంతి చేసికొనినను ఆ రాజు రోయక సేవించెనని కథ. నేడు రోగి రక్తమును తుడుచువారు చేతికి రబ్బరు తొడుగు వేసికొని, ఆ చోటును బ్లీచింగు నీటితో కడుగుట ఏవగింపు కాదు, జాగ్రత్త. కంచము వేరు చేయుట జాగ్రత్త కాదు.

ఉపవాసముల సంగతి ఇంకను కష్టము. అందరికి మందు అవసరముండదు. అవసరమైనవారు టెనోఫోవిర్ వంటి మాత్రను ప్రతిదినము, ఏండ్ల తరబడి మ్రింగవలెను. తమంతట తామే మానినచో వ్యాధి ఒక్కసారిగా తిరుగబెట్టి ప్రాణము మీదికి రావచ్చును. పర్యూషణములో రోగి వ్రతము పట్టదలచినచో ముందు వైద్యుని అడుగవలెను. అనశనము బాహ్య తపస్సు. రోగి సేవయగు వైయావృత్త్యము అభ్యంతర తపస్సు. రోగి చేయలేని దాని బదులు ఇంటివారు రెండవదానిని చేయవచ్చును గదా!

సంబంధము చెడునని వ్యాధిని దాచుట మరియొక హింస. తెలిసినచో భార్యకు గాని భర్తకు గాని టీకా వేయింపవచ్చును. బిడ్డకు పుట్టిన 24 గంటలలో మొదటి మోతాదు, దానితో ఇమ్యునోగ్లోబులిన్ సూదియు ఇప్పింపవచ్చును. టీకా ఖరీదు నేడు సాకు కాదు. హైదరాబాదులో వరప్రసాదరెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయమైన టీకాను వెలువరించి ధర దింపినది. 2018 జూలై 28న ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్ష, మందు ఉచితము.

వేరుసెనగ వర్తకులకు ఇంకొక సంగతి. తడిసి బూజుపట్టిన కాయలో అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును. వేయించినను పూర్తిగా పోదు. హెపటైటిస్ బి గలవానికి అది తోడైనచో కాలేయపు కాన్సరు భయము పెక్కు రెట్లగును. బూజు కాయలను ఏరివేసినచో బస్తాకు తూకము తగ్గును. ఏరనిచో ఆ బస్తా ఎవరి యింటికి చేరునో అమ్మినవానికి తెలియదు.